స్కేలు పటం: మార్పిడి లెక్క కన్నా ముందు ఎంపిక

ఒక వస్తువు అసలు పొడవుకూ కాగితం మీద దానికి ఇచ్చిన పొడవుకూ మధ్య పటమంతటా మారకుండా నిలిచే నిష్పత్తిని స్కేలు అనీ, ఆ నిష్పత్తికి కట్టుబడి గీసిన బొమ్మను స్కేలు పటం అనీ అంటారు. నిర్వచనం ఇంత చిన్నదే అయినా, ఉన్నత పాఠశాలలో ఈ పాఠం చెప్పే ఉపాధ్యాయుడికి త్వరలోనే ఒక వింత పరిస్థితి ఎదురవుతుంది. ఒక సెంటీమీటరు 5 కిలోమీటర్లకు సమానమైతే పటంలోని 6 సెంటీమీటర్లు నేల మీద ఎంత దూరమన్న ప్రశ్నకు తడుముకోకుండా జవాబు రాసే విద్యార్థే, తాను కూర్చున్న తరగతి గదిని తెల్లకాగితం మీద స్కేలుకు గీయమంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక పక్కవాడి కాగితంలోకి తొంగిచూస్తాడు. మొదటి ప్రశ్నలో స్కేలును ఎవరో ముందే నిర్ణయించి ఇచ్చారు కాబట్టి అక్కడ మిగిలింది గుణకారమే; రెండోదానిలో ఏం కొలవాలో, ఎంత సూక్ష్మంగా కొలవాలో, కాగితంలో ఎంత చోటుందో, ఏ వివరాన్ని వదిలేయవచ్చో తేల్చుకుని స్కేలును విద్యార్థే నిర్ణయించుకోవాలి. పాఠ్యపుస్తకాల్లోని అభ్యాసాలు ఎక్కువగా మొదటి రకానివే కావడం వల్ల, మార్పిడి లెక్కలు వచ్చిన పిల్లలకు స్కేలు వచ్చేసినట్టేనని ఉపాధ్యాయులు అనుకోవడం సహజమే గాని, సరికాదు. రెండో రకం పనిని తరగతిలోకి ఎలా తేవాలన్నదే ఈ అధ్యాయం చర్చించే విషయం.

స్కేలును మూడు రూపాల్లో రాస్తారు. "1 సెం.మీ. = 5 కి.మీ." అని మాటల్లో చెప్పేది వాక్య రూపం. లవంలో ఒకటి ఉంచి, రెండు వైపులా ఒకే ప్రమాణం వచ్చేలా 1:5,00,000 అని రాసేది ప్రాతినిధ్య భిన్నం. ఇందులో ప్రమాణం పేరు ఉండదు కాబట్టి సెంటీమీటర్లలో కొలిచినా అంగుళాల్లో కొలిచినా అది చెల్లుతుంది. పటం అడుగున ఒక గీత గీసి, దాన్ని సమాన భాగాలు చేసి, ఒక్కో భాగం నేల మీద ఎంతో గుర్తించేది రేఖా స్కేలు. చేతిలో పట్టుకునే కొలబద్దను కూడా పిల్లలు స్కేలనే పిలుస్తారు గనుక, ఈ పాఠం నడిచినన్నాళ్లూ ఆ వస్తువును కొలబద్ద అనే పిలవడం మంచిది. లేకపోతే "స్కేలు తీసుకోండి" అన్న మాటకు సగం తరగతి పెట్టెలు తెరుస్తుంది.

కలపడమా, గుణించడమా

స్కేలు పాఠానికి అసలు అడ్డంకి దశాంశ స్థానాల్లోనో ప్రమాణాల మార్పిడిలోనో లేదు. ఒక బొమ్మను పెద్దది చేయడమంటే ప్రతి భుజానికీ అంతే పొడవు కలపడమేనన్న నమ్మకం చాలామంది పిల్లల్లో లోలోపల పాతుకుని ఉంటుంది. 4 సెం.మీ. భుజం 7 సెం.మీ. అయిందంటే 3 పెరిగిందనీ, కాబట్టి 7 సెం.మీ. భుజం 10 కావాలనీ వారు తీర్మానిస్తారు. దీన్ని గణిత విద్యా పరిశోధకులు సంకలన వ్యూహం అంటారు. ఇంగ్లండులో 11 నుంచి 16 ఏళ్ల పిల్లల గణిత అవగాహనపై జరిగిన ఒక పెద్ద అధ్యయనాన్ని కాథ్లీన్ హార్ట్ సంపాదకత్వంలో 1981లో పుస్తకంగా ప్రచురించినప్పుడు, నిష్పత్తి లెక్కల్లో పదే పదే కనిపించిన తప్పుగా ఈ వ్యూహం నమోదైంది. రెట్టింపు, సగం వంటి తేలిక నిష్పత్తుల్లో సరిగ్గా చేసిన పిల్లలు కూడా ఒకటిన్నర రెట్లు, ఒకటి ముప్పావు రెట్లు వచ్చేసరికి కలపడంలోకి జారిపోవడం ఉపాధ్యాయులు ప్రత్యేకంగా గమనించవలసిన సంగతి. రెట్టింపు లెక్కలతోనే పాఠం నడిపే తరగతిలో ఈ తప్పు అసలు బయటపడదు. బయటపడని తప్పును దిద్దడం ఎవరికీ సాధ్యం కాదు.

దీనికి ఫ్రెంచి గణిత విద్యావేత్త గీ బ్రూసో రూపొందించిన ముక్కల ఆట ఇప్పటికీ అన్నిటికన్నా మెరుగైన సాధనం. ఒక చదరపు అట్టను కొన్ని ముక్కలుగా కోసి, వాటన్నిటినీ పెద్దవి చేసి తిరిగి చదరంగా పేర్చమని పిల్లల గుంపును అడుగుతారు. విధించేది ఒకే షరతు, అసలు ముక్కలో 4 సెం.మీ. ఉన్న భుజం కొత్త ముక్కలో 7 సెం.మీ. కావాలి. గుంపులోని ఒక్కొక్కరూ ఒక్కో ముక్కను విడివిడిగా తయారుచేసి తెస్తారు. చాలా గుంపులు ముందుగా ప్రతి భుజానికీ 3 కలుపుతాయి, ముక్కలు కోస్తాయి, పేర్చబోతాయి, అవి అతకవు. కోయడంలో ఎవరో పొరపాటు చేశారని ఒకరినొకరు నిందించుకుని, మళ్లీ కొలిచి, మళ్లీ కోసినా అతకవు. అప్పుడుగాని తప్పు కత్తెరలో లేదని, తాము ఎంచుకున్న సూత్రంలోనే ఉందని పిల్లలకు అనుమానం రాదు.

ఈ ఆటను మన తరగతులకు సులభంగా మలచుకోవచ్చు. 11 సెం.మీ. భుజమున్న చదరాన్ని తీసుకుని, ఒక అంచు 4, 7 సెం.మీ. భాగాలుగా విడిపోయేలా ముక్కలు చేస్తే లెక్క బల్ల మీదే తేలిపోతుంది. 3 కలిపే సూత్రం ప్రకారం రెండు భాగాలూ 7, 10 అవుతాయి, కలిపితే 17. కానీ అదే సూత్రాన్ని పూర్తి అంచుకు వర్తింపజేస్తే 11కు 3 కలిసి 14 రావాలి. ఒకే అంచు ఒకేసారి 17, 14 కాలేదు. అదే 1.75తో గుణిస్తే 4 కాస్తా 7, 7 కాస్తా 12.25, 11 కాస్తా 19.25 అవుతాయి, 7, 12.25 కలిస్తే సరిగ్గా 19.25. ముక్కల్ని కలిపినా కలపకపోయినా చెల్లే సూత్రం గుణకారం ఒక్కటేనని ఉపాధ్యాయుడు ఆ తర్వాత బోర్డు మీద రాస్తే, అది పిల్లల చేతుల్లోంచి వచ్చిన ఫలితంగా నిలుస్తుంది. ఇక్కడ ఉపాధ్యాయుడు పాటించవలసిన నియమం ఒకటే, అదీ కష్టమైనదే: పిల్లలు 3 కలుపుతున్నప్పుడు అడ్డుపడకూడదు. 45 నిమిషాల పీరియడులో 20 నిమిషాలు తప్పు ముక్కలు కోయడానికి పోతున్నాయని తెలిసి చూస్తూ కూర్చోవడం సిలబస్ తరుముతున్న వేళ ఓపిక పరీక్షే గాని, అక్కడ ఆదా చేసిన 20 నిమిషాలు పదో తరగతి సరూప త్రిభుజాల దగ్గర వారాలుగా ఖర్చవుతాయి.

గుణించడం కోసం వాడే ఆ సంఖ్యను స్కేలు గుణకం అంటారు. అది ఒకటి కన్నా ఎక్కువైతే బొమ్మ పెరుగుతుంది, తక్కువైతే తగ్గుతుంది, ఒకటైతే మొదటి బొమ్మతో సర్వసమానంగా ఉంటుంది. భుజాలన్నీ ఒకే గుణకంతో మారి, కోణాలు మాత్రం మారకుండా ఉన్న బొమ్మలను సరూపాలు అంటారు కాబట్టి, స్కేలు పటం అనేది అసలు వస్తువుకు సరూపమే తప్ప వేరొకటి కాదు. కోణం మారదన్న మాటను కూడా చేతితో తేల్చుకోనివ్వాలి. పెద్ద ముక్కలో మూల కూడా పెద్దదవుతుందని భావించే విద్యార్థులు ప్రతి తరగతిలోనూ ఉంటారు.

కబడ్డీ కోర్టుతో మొదలు

విద్యార్థి తానే స్కేలు నిర్ణయించే తొలి అభ్యాసానికి తరగతి గది కన్నా కబడ్డీ కోర్టు అనుకూలమైనది. దాని కొలతలు నియమావళిలో నిర్దిష్టంగా ఉన్నాయి, పిల్లలకు దాని మీద అభిమానం ఉంది, కుర్చీలు, కిటికీలు, తలుపుల వంటి దారి తప్పించే వివరాలు లేవు. పురుషుల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. నడిగీత దాన్ని రెండు సగాలు చేస్తుంది. నడిగీత నుంచి 3.75 మీటర్ల దూరంలో బాక్ లైను, అక్కడి నుంచి ఒక మీటరు అవతల బోనస్ లైను, ఆపై చివరి గీతకు 1.75 మీటర్లు, మూడూ కలిపితే 6.5 మీటర్లు, అంటే సగం పొడవు. పక్కన రెండు వైపులా ఒక్కో మీటరు లాబీ.

ఉపాధ్యాయుడు స్కేలు చెప్పకుండా ఈ కొలతలూ ఒక ఎ4 కాగితమూ మాత్రమే ఇవ్వాలి. చాలామంది 1:100 ఎంచుకుంటారు; మీటరుకు సెంటీమీటరు, లెక్క పెట్టాల్సిన అవసరమే లేదు. బొమ్మ 13 సెం.మీ., 10 సెం.మీ. కొలతలతో హాయిగా ఇముడుతుంది. చిక్కు బాక్ లైను దగ్గర మొదలవుతుంది: 3.75 సెం.మీ. అంటే 37.5 మిల్లీమీటర్లు, కొలబద్ద మీద ఆ గీత లేదు, 37కూ 38కీ నడుమ కంటితో అంచనా వేసుకోవాలి. 1:50 ఎంచుకున్న విద్యార్థికి అదే గీత 7.5 సెం.మీ. దగ్గర కచ్చితంగా పడుతుంది, లాబీలు 2 సెం.మీ., చివరి పట్టీ 3.5 సెం.మీ. అవుతాయి. కానీ మొత్తం బొమ్మ 26 సెం.మీ. పొడవు, 20 సెం.మీ. వెడల్పు తీసుకుంటుంది, ఎ4 కాగితం 29.7, 21 సెం.మీ. మాత్రమే కాబట్టి పక్కల అర సెంటీమీటరు చొప్పున మిగులుతుంది, శీర్షికకూ రేఖా స్కేలుకూ కింద ఒక పట్టీ దొరుకుతుంది. 1:200 వాడినవారికి చోటు బోలెడు మిగులుతుంది గాని, లాబీ అర సెంటీమీటరుకు కుదించుకుపోయి, బాక్ లైను 18.75 మిల్లీమీటర్ల దగ్గర, అంటే ఎవరూ కొలవలేని చోట నిలుస్తుంది. 1:25కు పెద్ద చార్టు కావాలి.

ఈ నాలుగు బొమ్మలనూ పక్కపక్కన గోడకు అంటించి, ఏది మేలని అడిగితే తరగతిలో నిజమైన వాదన మొదలవుతుంది. కాగితంలో ఇమడడం, కొలబద్దతో కొలవగలగడం, లెక్క తేలిక అనే మూడు అవసరాలు ఒకదానితో ఒకటి పోటీ పడతాయనీ, స్కేలు ఎంపిక అంటే వాటి మధ్య ఒక రాజీ అనీ పిల్లలు అక్కడ గ్రహిస్తారు. ఆ తర్వాత పద్ధతిగా చెప్పవచ్చు: అసలు వస్తువు పొడవును కాగితంలో లభించే పొడవుతో భాగించాలి, వెడల్పును వెడల్పుతో భాగించాలి, వచ్చిన రెంటిలో పెద్ద సంఖ్యను తీసుకుని, దానికి పైన ఉన్న అనుకూలమైన గుండు సంఖ్యకు సవరించాలి. కబడ్డీ కోర్టు వెడల్పు 1,000 సెం.మీ., కాగితంలో అంచులు పోను 19 సెం.మీ. మాత్రమే వాడుకోవాలనుకుంటే 52.6 వస్తుంది, కాబట్టి 1:50 కుదరదు, తర్వాతి గుండు సంఖ్య కావాలి. అంచు అర సెంటీమీటరు చాలనుకుంటే సరిగ్గా 50 వస్తుంది. అంచు ఎంత వదలాలన్న ఒక చిన్న నిర్ణయం స్కేలునే మార్చేస్తుందన్న ఈ సంగతి ఉపన్యాసంలో చెబితే ఎవరికీ గుర్తుండదు.

మరొక పరీక్ష మైదానంలో జరగాలి. ఒక గుంపు గీసిన పటాన్ని, కొలతల అంకెలు రాయకుండా, స్కేలు మాత్రం రాసి వేరొక గుంపుకు ఇచ్చి, టేపుతో, సున్నంతో నేల మీద కోర్టు వేయమనాలి. 1:50 పటంలో ఒక మిల్లీమీటరు తేడా నేల మీద 5 సెం.మీ. అవుతుంది, ఇంచుమించు ఒక సున్నపు గీత మందం. 1:200 పటంలో అదే తేడా 20 సెం.మీ. అవుతుంది, ఆటలో గొడవకు అది చాలు. పటం చూసి పని చేసేవాడికి గీసినవాడు జవాబుదారీ అన్న సత్యం ఇంజనీర్లకు ఉద్యోగంలో తెలిసొస్తుంది. దాన్ని ఎనిమిదో తరగతిలోనే తెలియజేయడానికి అడ్డేమీ లేదు.

గుంటలు, సెంట్లు, గజాలు

పొడవుకు వర్తించే స్కేలు వైశాల్యానికి యథాతథంగా వర్తించదన్న విషయం ఈ పాఠంలో రెండో పెద్ద మలుపు. పొడవులు రెండు రెట్లయితే వైశాల్యం నాలుగు రెట్లు, మూడు రెట్లయితే తొమ్మిది రెట్లు అవుతుంది. అంటే వైశాల్యం స్కేలు గుణకం వర్గాన్ని బట్టి మారుతుంది. బెల్జియంలో డిర్క్ డి బాక్, లీవెన్ వెర్‌షాఫెల్ తదితరులు ఉన్నత పాఠశాల విద్యార్థులతో జరిపిన పరిశోధనల్లో, భుజం ఎన్ని రెట్లయితే వైశాల్యమూ అన్ని రెట్లేనన్న నమ్మకం ఎంత గట్టిదో, బొమ్మలు ఇచ్చినా, హెచ్చరించినా అది ఎంత మొండిగా నిలుస్తుందో వెల్లడైంది. కాబట్టి సూత్రం చెప్పి, రెండు లెక్కలు చేయించి ముందుకు వెళ్లడం చాలదు.

తెలుగు పిల్లలకు ఈ విషయంలో ఇంట్లోనే ఒక ఆసరా ఉంది, అది నేల కొలతల భాష. తెలంగాణలో గుంట అంటే 33 అడుగుల భుజమున్న చదరం, 121 చదరపు గజాలు; 40 గుంటలు ఎకరం. ఆంధ్రలో సెంటు అంటే ఎకరంలో నూరో వంతు, 48.4 చదరపు గజాలు. గుంట భుజాన్ని 33 నుంచి 66 అడుగులకు పెంచితే వచ్చేది రెండు గుంటలు కాదు, నాలుగు గుంటలు, అంటే సరిగ్గా పది సెంట్లు. ఈ 66 అడుగులే సర్వేయర్ల గంటర్ గొలుసు పొడవు. ఒక చదరపు గొలుసు పది సెంట్లు, పది చదరపు గొలుసులు ఎకరం. అలాగే 36 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవున్న ప్లాటు 200 గజాలు. రెండు కొలతలూ రెట్టింపు చేస్తే అది 400 గజాలు కాక 800 గజాలు అవుతుంది. బోర్డు మీద సూత్రానికి తలూపి మరిచిపోయే విద్యార్థి కూడా ప్లాటు ధర లెక్క కట్టమంటే చప్పున మేల్కొంటాడు.

దీన్ని పటంలోకి తేవడానికి గ్రామ పటం మంచి వనరు. బ్రిటిష్ కాలం నాటి గ్రామ పటాల్లో మైలుకు 16 అంగుళాల స్కేలు తరచుగా కనిపిస్తుంది. మైలులో 63,360 అంగుళాలు ఉంటాయి గనుక దాని ప్రాతినిధ్య భిన్నం 1:3,960, ఒక అంగుళం అయిదు గొలుసులకు సమానం. అంత చక్కగా గొలుసులకు సరిపోయే స్కేలును ఎవరో యాదృచ్ఛికంగా ఎంచుకోలేదని ఎత్తిచూపడం ఎంపిక గురించిన పాఠానికి కొనసాగింపు అవుతుంది. మెట్రిక్ స్కేళ్లలో లెక్క ఇంకా సులభం: 1:2,000 స్కేలులో ఒక సెంటీమీటరు 20 మీటర్లు, ఒక చదరపు సెంటీమీటరు 400 చదరపు మీటర్లు, ఎకరం సుమారు 4,047 చదరపు మీటర్లు కాబట్టి అది పటం మీద దాదాపు 10 చదరపు సెంటీమీటర్ల చోటు తీసుకుంటుంది. పారదర్శకమైన కాగితం మీద సెంటీమీటరు గళ్లు గీసి, పొలం బొమ్మ మీద పరిచి, నిండు గళ్లను పూర్తిగా, సగం దాటిన గళ్లను ఒకటిగా లెక్కించి విస్తీర్ణం కట్టమంటే, వంకర టింకర గట్ల పొలానికి కూడా పిల్లలు దగ్గరి జవాబు తేగలరు. అయితే విద్యార్థుల సొంత పొలాల పటాలను తరగతికి తెప్పించడం మాత్రం వివేకం కాదు. గట్టు తగాదాలకు గణితం పీరియడు వేదిక కానక్కర్లేదు, ఉపాధ్యాయుడు కల్పించిన పటం చాలు.

ఘనపరిమాణం విషయం క్లుప్తంగా చెప్పినా సరిపోతుంది. వెయ్యి లీటర్లు పట్టే, మీటరు భుజమున్న ఘనాకార తొట్టికి 1:10 నమూనా చేస్తే, అది 10 సెం.మీ. ఘనం అవుతుంది, ఒక్క లీటరే పడుతుంది. ఒక లీటరు సీసాను ఆ అట్టపెట్టె పక్కన పెట్టి చూపితే ఘనం సంగతి అక్కడే తేలుతుంది.

ఎక్కలేని చెట్టు ఎత్తు

స్కేలు పటం బొమ్మ గీయడానికే కాదు, కొలవలేనిదాన్ని కొలవడానికి కూడా పనికొస్తుందని తెలిసినప్పుడు విద్యార్థికి దాని మీద గౌరవం పెరుగుతుంది. పదో తరగతిలో త్రికోణమితితో చేసే ఎత్తులు, దూరాల లెక్కలను ఎనిమిదో తరగతి విద్యార్థి స్కేలు పటంతోనే చేయగలడు. కోణమానిని తలకిందులు చేసి, దాని సరళ అంచు మీద ఒక గొట్టం అతికించి, కేంద్రం నుంచి బరువు కట్టిన దారం వేలాడదీస్తే కోణం కొలిచే సాధనం తయారవుతుంది. గొట్టంలోంచి చెట్టు కొసను చూసినప్పుడు దారం ఒక అంకె మీద నిలుస్తుంది. ఆ అంకె తిన్నగా ఊర్ధ్వకోణం కాదు, దాన్నీ 90నీ పోల్చి వచ్చే తేడా ఊర్ధ్వకోణం. చూపు సమతలం నుంచి పైకి ఎత్తవలసిన కోణాన్నే ఊర్ధ్వకోణం అంటారు. దారం 55 మీద నిలిస్తే కోణం 35 డిగ్రీలు. ఈ తీసివేత మరిచినవారి చెట్లు ఆకాశాన్ని అంటుతాయి, ఆ తప్పు దాగదు.

చెట్టు మొదలు నుంచి 20 మీటర్ల దూరంలో నిలబడి, కోణం 35 డిగ్రీలని కొలిచాక, 1:200 స్కేలులో 10 సెం.మీ. అడ్డగీత గీసి, ఒక కొసన 35 డిగ్రీల గీత, రెండో కొసన నిలువుగీత గీస్తే అవి కలిసే చోటు 7 సెం.మీ. ఎత్తున ఉంటుంది. అది 14 మీటర్లు. కంటి ఎత్తు మీటరున్నర కలిపితే చెట్టు ఎత్తు 15.5 మీటర్లు. ఇక్కడితో ఆపేస్తే పాఠం సగమే అయినట్టు. కోణాన్ని ఒక డిగ్రీ ఎక్కువగానో తక్కువగానో చదివితే ఎంత తేడా వస్తుందో 34, 36 డిగ్రీలతో మళ్లీ గీయించి చూపాలి; తేడా అటూ ఇటూ అర మీటరు చొప్పున వస్తుంది. పెన్సిలు గీత ఒక మిల్లీమీటరు తప్పితే వచ్చేది 20 సెంటీమీటర్ల తేడాయే. అంటే ఈ పనిలో బలహీనమైన చోటు గీతలో కన్నా దారం మీద పెట్టే చూపులో ఎక్కువగా ఉంది. "15.5 మీటర్లు" అని రాసే జవాబు కన్నా "15 నుంచి 16 మీటర్ల మధ్య" అని రాసే జవాబు మంచిదని ఉపాధ్యాయుడు ఒప్పుకోవాలి, దానికే ఎక్కువ మార్కులు కూడా వేయాలి.

ఒక గీతను జాగ్రత్తగా కొలిచి, మిగతా అంతా కోణాలతో సాధించే ఈ కిటుకుకు మన దేశ చరిత్రలో గొప్ప స్థానం ఉంది. 1802లో మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర విలియం లాంబ్టన్ ఏడున్నర మైళ్ల ఆధార రేఖను ఉక్కు గొలుసుతో కొలిపించి, దాని మీద త్రిభుజాలు అల్లుకుంటూ పోయి మొదలుపెట్టిన పని తర్వాత మహా త్రికోణమితీయ సర్వేగా పేరు పొందింది. ఆయన బృందం గీసి కాక గణించి ఫలితాలు తెచ్చుకుంది గాని, ఒక భుజమూ రెండు కోణాలూ తెలిస్తే త్రిభుజం స్థిరపడిపోతుందన్న ఆధారం రెండు చోట్లా ఒకటే.

పక్క గదిలోని సాంఘిక శాస్త్రం

స్కేలును గణితం ఉపాధ్యాయుడు నిష్పత్తుల కింద, సాంఘిక శాస్త్రం ఉపాధ్యాయుడు పటాల కింద, ఒకరి పాఠం ఒకరికి తెలియకుండా చెప్పడం మన పాఠశాలల్లో పాత అలవాటు. దీనివల్ల నష్టపోయే మొదటి భావన పెద్ద స్కేలు, చిన్న స్కేలు. భూగోళ శాస్త్రంలో చిన్న ప్రాంతాన్ని వివరంగా చూపే పటాన్ని పెద్ద స్కేలు పటమంటారు. పిల్లలకు అది తలకిందులుగా తోస్తుంది, ఎందుకంటే వారు హారాన్ని చూస్తారు, 50,000 కన్నా 10,00,000 పెద్దది కదా. భిన్నాలను పోల్చమంటే చిక్కు విడిపోతుంది: పదిలక్షల్లో ఒక వంతు కన్నా యాభైవేలల్లో ఒక వంతు పెద్ద భిన్నం. 1767లో ఏర్పడిన సర్వే ఆఫ్ ఇండియా ప్రచురించే స్థలాకృతి పటాల్లో 1:2,50,000, 1:50,000, 1:25,000 స్కేళ్లు ఉన్నాయి. ఒకే ప్రాంతానికి చెందిన రెండు స్కేళ్ల పటాలను పక్కన పెట్టి, ఒకే చెరువు రెంటిలోనూ ఎలా కనిపిస్తుందో పోల్చమంటే ఈ భావన తిరిగి చెప్పే పని ఉండదు.

1:50,000 పటంలో అర మిల్లీమీటరు గీత నేల మీద 25 మీటర్లు అవుతుంది. ఊరి రోడ్డు అంత వెడల్పు ఉండదు, అయినా పటంలో ఆ మందంతోనే గీస్తారు, లేకపోతే అది కంటికి ఆనదు. అంటే పటంలోని దూరాలు స్కేలుకు ఉంటాయి, గుర్తుల మందం ఉండదు. ఈ తేడా చెప్పకపోతే, స్కేలును నిజంగా అర్థం చేసుకున్న చురుకైన విద్యార్థే రోడ్డు వెడల్పు లెక్కకట్టి తికమక పడతాడు. అలాగే హైదరాబాదు, విజయవాడల మధ్య తిన్నని దూరం దాదాపు 250 కిలోమీటర్లు, కాబట్టి 1:25,00,000 పటం మీద అది 10 సెంటీమీటర్లే. రోడ్డు దూరం మాత్రం 275 కిలోమీటర్ల దాకా వస్తుంది. దారం పరిచి రోడ్డు వంపుల వెంట కొలిచినా ఆ అంకె పూర్తిగా రాదు, ఎందుకంటే చిన్న స్కేలు పటం చిన్న వంపులను మింగేస్తుంది.

మరొక ప్రమాదం నకలు యంత్రం దగ్గర ఉంది. 1:50,000 అని ముద్రించిన పటాన్ని సగానికి తగ్గించి జిరాక్సు తీస్తే, కాగితం మీద అక్షరాలు 1:50,000 అనే చెబుతాయి గాని, పటం 1:1,00,000 అయిపోతుంది. ప్రశ్నపత్రాల్లో, గైడ్లలో, డిజిటల్ బోర్డు మీద వేసే పటాల్లో ఈ తప్పు రోజూ జరుగుతూనే ఉంటుంది. రేఖా స్కేలుకు మాత్రం ఆ బాధ లేదు. పటంతో పాటు అదీ కుంచించుకుపోతుంది లేదా పెరుగుతుంది గనుక ఎప్పుడూ నిజమే చెబుతుంది. ఫోనులోని పటంలో వేళ్లతో పెంచినప్పుడల్లా మూలన ఉన్న చిన్న గీత అంకె మారడం ఇందుకే. మూడు రూపాలలో రేఖా స్కేలుకే అగ్రస్థానం ఇవ్వాలి, విద్యార్థులు గీసే ప్రతి పటం కిందా అది తప్పనిసరి చేయాలి.

స్కేలుకు లేని బొమ్మలను గుర్తించడం కూడా ఈ విద్యలో భాగమే. సౌర కుటుంబం బొమ్మలో గ్రహాలు వరుసగా, దగ్గరదగ్గరగా ఉంటాయి. భూమిని ఒక సెంటీమీటరు పూసగా తీసుకుంటే, సూర్యుడి వ్యాసం 109 సెంటీమీటర్లు, వాటి నడుమ దూరం సుమారు 117 మీటర్లు, చంద్రుడు 30 సెంటీమీటర్ల దూరంలో మూడు మిల్లీమీటర్లకు లోబడిన ఆవగింజ పరిమాణంలో ఉంటాడు. పాఠశాల మైదానంలో ఒక కొసన సూర్యుణ్ణి, రెండో కొసన భూమిని నిలబెడితే పుస్తకంలోని బొమ్మ ఎందుకు అలా ఉండక తప్పదో పిల్లలే చెబుతారు: ఒకే స్కేలుతో గ్రహాల పరిమాణాన్నీ దూరాలనూ ఒక పుట మీద చూపడం కుదరదు.

దిద్దడం గురించి

స్కేలు పటాన్ని శుభ్రతకు, రంగులకు మార్కులు వేసి దిద్దడం సులభం, అందుకే అది ఎక్కువగా జరుగుతుంది. దాని బదులు మూడు విషయాలు చూస్తే చాలు: స్కేలు ఎందుకు ఎంచుకున్నాడో విద్యార్థి రెండు వాక్యాల్లో రాశాడా, పటం మీద ఉపాధ్యాయుడు ఎంచుకున్న ఏ రెండు బిందువుల దూరమైనా నేల మీది కొలతతో సరిపోతోందా, ఎంత తేడా రావచ్చో తెలిపాడా. మొదటిదానికి జవాబు లేని అందమైన పటం కన్నా, చెరిపేసిన గీతలతో మాసిపోయినా మూడింటికీ జవాబున్న పటానికే ఎక్కువ మార్కులు దక్కాలి.

ఇందుకు కావలసిన సరంజామా తక్కువ. అట్ట, కత్తెర, గ్రాఫు కాగితం, దారం, కోణమానిని ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. చాలా పాఠశాలల్లో లేనిది 30 మీటర్ల టేపు. ఒక్క టేపుతో నలభై మంది తరగతి నడిపితే నలుగురు కొలుస్తారు, మిగతావారు చూస్తారు. సమగ్ర శిక్ష కింద వచ్చే పాఠశాల నిధులను ఖర్చు చేసేటప్పుడు ప్రధానోపాధ్యాయులు కనీసం నాలుగు టేపులు కొనిపెట్టి, వాటిని ప్రధానోపాధ్యాయుల గది బీరువాలో కాకుండా గణితం గదిలోనే ఉంచాలి.